పెళ్లికి ముందు కరారునామా: ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు, లాయరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి

'ప్రీనప్' అనే మాట మనకి సినిమా తారల విడాకుల వార్తల్లో వినబడుతుంది. కోట్ల ఆస్తి ఉన్నవాళ్ల గొడవ కదా, రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్లకి దాంతో ఏం పని అనుకుంటాం. కానీ పెళ్లికి ముందు కాగితం రాయించడం మన దగ్గర కొత్త కాదు. కులాంతరం చేసుకుంటున్న దళిత యువకుడి చేత, దళిత యువతి చేత పెద్దమనుషులు స్టాంపు కాగితం మీద సంతకాలు తీసుకోవడం పాతపట్నం నుంచి ఇచ్ఛాపురం దాకా తెలిసిన విషయమే. 'పుట్టింటి ఆస్తి అడగను', 'రేపు ఏం జరిగినా భరణం కోరను', 'ఈ ఊళ్లో కాపురం పెట్టను' అని అందులో రాస్తారు. దానికి ఎవరూ ప్రీనప్ అని పేరు పెట్టరు, పేరు ఏదైనా పని అదే. అలాంటి కాగితంలో దేనికి విలువ ఉంది, దేనికి లేదు, సంతకం పెట్టకముందు ఎవరిని అడగాలి అన్నది ఈ వ్యాసం.

ముందు అసలు చట్టం సంగతి. గోవాని పక్కన పెడితే, పెళ్లికి ముందు ఒప్పందాలకి మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. గోవాలో 1867 నాటి పోర్చుగీసు సివిల్ కోడ్ ఇంకా నడుస్తోంది కాబట్టి, అక్కడ పెళ్లికి ముందే ఆస్తి ఎలా ఉండాలో రాసుకుని రిజిస్టరు చేసుకోవచ్చు. మిగతా చోట్ల ఇలాంటి కాగితం 1872 నాటి కాంట్రాక్టు చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రజాహితానికి వ్యతిరేకమైన ఒప్పందం చెల్లదు. హిందూ వివాహాన్ని కోర్టులు సంస్కారంగా చూశాయి, బేరంగా చూడలేదు. అందుకే భార్యాభర్తల హక్కుల్ని ముందే కత్తిరించే షరతుల్ని కొట్టేస్తూ వచ్చాయి.

దీనికి ఎప్పుడూ చెప్పే తీర్పు 1901లో కలకత్తా హైకోర్టుది, టికైత్ మోన్ మోహిని జెమదాయి కేసు. అల్లుడు జీవితాంతం అత్తగారింట్లోనే ఉంటానని పెళ్లికి ముందు రాసిచ్చాడు. ఆ షరతు చెల్లదని కోర్టు అంది. 1969లో ఒరిస్సా హైకోర్టు కూడా శ్రీబతాహ బారిక్ కేసులో ఇలాంటి ఇల్లరికపు షరతు దగ్గరే ఆగి, అదే దారి పట్టింది.

ఇక్కడ తెలుగువాళ్లకి ఒక తమాషా కనిపిస్తుంది. అదే ఇల్లరికం మన దగ్గర ఆచారంగా కోర్టుల్లో నిలబడింది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచే రెడ్డి, కమ్మ కులాల్లో 'ఇల్లటం' అల్లుడిని కోర్టులు గుర్తించాయి. కొడుకులు లేని మామ, పెళ్లికి ముందు మాట ఇచ్చి అల్లుడిని ఇంటికి తెచ్చుకుంటాడు. అల్లుడు పొలం పని చూస్తాడు, మామ తదనంతరం కొడుకులా వాటా పొందుతాడు. సొంత ఇంటి వాటా కూడా పోదు. మామ బతికుండగా ఆ ఆస్తిలో అతనికి హక్కు పుట్టదని తర్వాత జి. నారాయణప్ప కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది భూపరిమితి చట్టం కింద ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన వివాదం. మొత్తం మీద భూమి ఉన్న కులాల పెళ్లి ఒప్పందానికి 'ఆచారం' అనే గౌరవం దక్కింది. భూమి లేని కులాల మాట పందిట్లోనే ఉండిపోయింది. ఆచారాన్ని కోర్టులో రుజువు చేయాలంటే దస్తావేజులు, పాత తీర్పులు కావాలి. అవి ఎవరి ఇళ్లల్లో ఉంటాయో వేరే చెప్పాలా?

మన ఇళ్లల్లో ఉండే మాట 'పసుపు కుంకుమ'. కూతురి పెళ్లిలో 'ఈ అరెకరం నీ పసుపు కుంకుమ కింద' అని తండ్రి నలుగురిలో అంటాడు. పదేళ్లు ఆమె పంట తింటుంది. తండ్రి పోయాక అన్నదమ్ములు కాదంటారు. ఆస్తి బదలాయింపు చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దానంగా ఇస్తే రిజిస్టరు దస్తావేజు ఉండాలి, ఇద్దరు సాక్షుల సంతకం ఉండాలి. పసుపు కుంకుమ పేరుతో నోటిమాటగా ఇచ్చిన భూమికి కూడా ఈ నియమం తప్పదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. అందుకే పెళ్లికి ముందు లాయరు దగ్గరికి వెళ్తే అడగాల్సిన మొదటి ప్రశ్న ప్రీనప్ గురించి కాదు. 'నాన్న ఇస్తానన్న భూమిని గిఫ్టు డీడుగా రిజిస్టరు చేయించగలమా?' అన్నదే.

దళిత కుటుంబాల్లో ఆ ప్రశ్నకి వెంటనే ఇంకో ముడి ఉంది. మన చేతిలో ఉన్న భూమి చాలావరకు డి-పట్టా భూమి. 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం కింద దాన్ని అమ్మకూడదు, దానం ఇవ్వకూడదు. 2023 సవరణలో ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకి షరతులతో సడలింపు వచ్చింది. మన పట్టా దాని కిందికి వస్తుందో రాదో కాగితం చూసి చెప్పించుకోవాలి. సడలింపు రాని డి-పట్టా భూమిని పెళ్లి ఒప్పందంలో రాసిస్తే ఆ ఒప్పందం చెల్లదు సరికదా, భూమే ప్రభుత్వం వెనక్కి తీసుకునే ప్రమాదం ఉంది. సీతంపేట వైపు షెడ్యూల్డ్ గ్రామాల్లో సవర, జాతాపు అమ్మాయిని గిరిజనేతరుడు చేసుకుంటే సంగతి మరీ తేలిక. 1/70 చట్టం ప్రకారం ఆమె భూమి ఏ ఒప్పందంతోనూ అతని పేరు మీదికి రాదు. 'పెళ్లి చేసుకున్నాను కదా' అన్న మాట అక్కడ పనికిరాదు.

ఇప్పుడు మొదట చెప్పిన మూడు షరతుల దగ్గరికి వద్దాం.

'భరణం అడగను' అన్నది చెల్లదు. భార్యకి, పిల్లలకి పోషణ పాత 125 సెక్షన్ కింద వచ్చేది. 2024 జూలై 1 నుంచి అదే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్. ఇది చట్టం ఇచ్చిన హక్కు, మొగుడూ పెళ్లాల మధ్య బేరం కాదు. 2013లో నాగేంద్రప్ప నాటికర్ కేసులో భార్య కొంత డబ్బు తీసుకుని ఇక అడగనని కోర్టు ముందే రాజీ పడింది. అయినా హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద ఆమె మళ్లీ అడగవచ్చని, అలాంటి వదులుకోలు ప్రజాహితానికి వ్యతిరేకమని సుప్రీంకోర్టు అంది. కోర్టు ముందు రాసిందే నిలబడలేదు, రచ్చబండ దగ్గర రాసింది నిలబడుతుందా?

'పుట్టింటి ఆస్తి అడగను' అన్నది కొంచెం జాగ్రత్తగా చూడాలి. పై కులపు అమ్మాయి దళితుడిని చేసుకుంటానంటే, ఊరుకోవడానికి ఆమె ఇంటివాళ్లు కోరే ధర తరచూ ఇదే. తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో రేపు రాబోయే వారసత్వం ఒక ఆశ మాత్రమే. ఆస్తి బదలాయింపు చట్టం 6(ఎ) ప్రకారం ఆ ఆశని రాసివ్వడం కుదరదు. అలా రాసింది చెల్లదు. కానీ ఉమ్మడి కుటుంబ ఆస్తి వేరు. 1986లో ఆంధ్రప్రదేశ్ సవరణ, తర్వాత 2005లో కేంద్ర సవరణ కూతురికి పుట్టుకతోనే వాటా ఇచ్చాయి. ఇప్పటికే తనదైన ఆ వాటాని రిజిస్టరు హక్కు విడుదల పత్రంతో వదులుకుంటే అది నిజంగానే పోతుంది. డబ్బు తీసుకుని 'ఇక అడగను' అని రాసినా, ఆ డబ్బే తర్వాత ఆమె నోటికి అడ్డం రావచ్చు. అందుకే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి రమ్మంటే ఒక్కటే సమాధానం, 'నా లాయరు చదివాక వస్తాను'.

'ఊళ్లో కాపురం పెట్టను' అన్నదానికి చట్టంలో చోటే లేదు. అది వెలి. షెడ్యూల్డ్ కులాల వ్యక్తిని ఇల్లు, ఊరు వదిలిపొమ్మని బలవంతపెట్టడం అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. అలా రాయించుకున్న కాగితం రాయించుకున్నవాళ్ల మీద సాక్ష్యం అవుతుంది కాబట్టి చించకండి, ఫొటో తీసి దాచండి. బెదిరించి తీసుకున్న సంతకాన్ని రద్దు చేయించుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్ ఇస్తుంది. పోలీస్ స్టేషన్‌లో 'కౌన్సెలింగ్' పేరుతో తీసుకున్న రాజీ కాగితానికి కూడా కోర్టు తీర్పు బలం రాదు. మేజర్లు కులాంతరం చేసుకుంటే రక్షణ ఇవ్వాల్సింది పోలీసులేనని సుప్రీంకోర్టు 2006లో లతా సింగ్ కేసులో, 2018లో శక్తి వాహిని కేసులో చెప్పింది. శక్తి వాహిని తీర్పు వచ్చిన ఏడాదే, సెప్టెంబరులో, మిర్యాలగూడలో గర్భిణి భార్య కళ్ల ముందే దళిత భర్తని నరికి చంపించారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇక్కడ లాయరు సలహా అంటే ఆస్తి లెక్క ఒక్కటే కాదన్నది గుర్తు పెట్టుకోవాలి.

కట్నం సంగతి కూడా కాగితంలో రాసేవాళ్లున్నారు, 'ఇంత ఇస్తాం, తేడా వస్తే తిరిగి ఇవ్వాలి' అని. 1961 వరకట్న నిషేధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం కట్నం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం ఏదైనా చెల్లదు. పైగా 3వ సెక్షన్ కింద ఇవ్వడం కూడా నేరమే, కనీసం ఐదేళ్ల జైలు. నేరాన్ని సంతకాలతో సహా రాసుకోవడం ఎందుకు? ఉత్తరాంధ్రలో చాలా కులాల్లో, తెగల్లో ఒకప్పుడు కట్నం లేదు, ఓలి ఉండేది. మగపెళ్లివారే ఇచ్చేవారు. చట్టంలో కట్నం నిర్వచనం ఒక పక్షం ఇంకో పక్షానికి ఇచ్చేది అని ఉంది కాబట్టి ఓలి కూడా పెళ్లి షరతుగా మారితే దాని కిందికే వస్తుంది.

దీనికి బదులు చట్టమే రాయమని చెప్పే కాగితం ఒకటుంది, దాన్ని మాత్రం దాదాపు ఎవరూ రాయరు. 1985 నాటి కానుకల జాబితా నియమాల ప్రకారం అమ్మాయికి వచ్చిన కానుకలకి ఒక జాబితా, అబ్బాయికి వచ్చిన వాటికి ఇంకొకటి పెళ్లి సమయంలో రాయాలి. వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఎవరిచ్చారు, వాళ్లు బంధువులైతే వరస ఏమిటి అన్నవి ఉండాలి. కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. రెండు తులాల గొలుసు, బీరువా, కుట్టుమిషను, అమ్మమ్మ ఇచ్చిన కడియాలు అన్నీ రాయాలి. అమ్మాయికి వచ్చినవి స్త్రీధనం. భర్త దగ్గర ఉన్నా అవి ఆమె సొంతమేనని, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం కేసు నడుస్తుందని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విడాకుల కోర్టులో ఏ వస్తువు ఎవరిది అన్న వాదన వచ్చినప్పుడు నోటరీ కరారునామా కన్నా ఈ జాబితా ఎక్కువ పని చేస్తుంది. నాకు తెలిసినంతలో పెళ్లికి ముందు రాసే కాగితాల్లో పేదింటి అమ్మాయికి అన్నిటికన్నా ఎక్కువ అక్కరకొచ్చేది ఇదే.

ఏ చట్టం కింద పెళ్లి అన్నది బట్టి కూడా కాగితం బలం మారుతుంది. చర్చిలో క్రైస్తవ వివాహ చట్టం కింద చేసుకున్నవారికి 1869 నాటి విడాకుల చట్టం 40వ సెక్షన్‌లో, పెళ్లికి ముందు లేదా తర్వాత చేసుకున్న ఆస్తి ఏర్పాట్లని విడాకులప్పుడు కోర్టు పరిశీలించవచ్చని స్పష్టంగా ఉంది. హిందూ వివాహ చట్టంలో అంత తిన్నగా లేదు. పెళ్లి సమయంలో ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన వస్తువుల గురించి 27వ సెక్షన్ ఒక్కటే ఉంది. క్రైస్తవులు ఇంకో విషయం కూడా గుర్తుంచుకోవాలి. పెళ్లికి ముందు రాసిన వీలునామా పెళ్లితో రద్దవుతుంది, మళ్లీ రాసుకోవాలి. హిందువుల వీలునామా అలా రద్దు కాదు. ముస్లింలకి నిఖానామా, మహర్ రూపంలో ఒప్పందం పెళ్లిలోనే భాగం. న్యాయమైన షరతులు అందులో రాసుకుంటే కోర్టులు గౌరవించాయి. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద చేసుకునేవారికి 30 రోజుల నోటీసు పెద్ద గండం. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. ఇద్దరూ హిందువులే అయి, ఇంటి నుంచి ముప్పు ఉంటే, హిందూ వివాహ చట్టం కింద చేసుకుని రిజిస్టరు చేయించడం గురించి లాయరుతో మాట్లాడాలి. రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఎలాగూ తప్పనిసరి.

నోటరీ దగ్గర 'వివాహ ఒప్పందం' రాయించుకుని అదే పెళ్లి అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. నోటరీకి పెళ్లి చేసే అధికారం గానీ విడాకులు ఇచ్చే అధికారం గానీ లేదు, కేంద్ర న్యాయశాఖ 2024 అక్టోబరులో ఈ సంగతి మళ్లీ గుర్తు చేసింది. కులపెద్దల ముందు 'విడాకుల చీటీ' రాసుకోవడం కొన్ని కులాల్లో పాత ఆచారం. హిందూ వివాహ చట్టం 29(2) ఆచారాన్ని కాపాడింది గానీ, ఆ ఆచారం తమ కులంలో ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి. అది చేయలేక రెండో పెళ్లి చెల్లని పెళ్లిగా మిగిలిన ఆడవాళ్లు ఎంతోమంది. అవతలి వ్యక్తికి ఇంతకుముందు పెళ్లయి ఉంటే, చీటీ కాదు, డిక్రీ చూపించమని పెళ్లికి ముందే అడగాలి.

పాతపట్నం వాళ్లకి ప్రత్యేకమైన ముడి ఒకటి సరిహద్దు. పర్లాకిమిడి కూతవేటు దూరం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా రెండు ఊళ్లూ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. గీత పడ్డాక కూడా వియ్యాలు ఆగలేదు, రెల్లి, పైడి, దండాసి కుటుంబాలు అటూ ఇటూ పిల్లనిచ్చి పుచ్చుకుంటూనే ఉన్నాయి. పెళ్లయ్యాక అమ్మాయి డీఎస్సీకో, సచివాలయం ఉద్యోగానికో దరఖాస్తు పెట్టినప్పుడు తెలుస్తుంది, ఒడిశా కుల ధ్రువపత్రం ఇక్కడ పనిచేయదని. తెనాలి నుంచి బొంబాయి వెళ్లిన కుటుంబానికి సంబంధించిన మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో రాజ్యాంగ ధర్మాసనం ఈ సూత్రం పెట్టింది. ఒక రాష్ట్రపు షెడ్యూల్డ్ హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో రాదు. పెళ్లితో రాష్ట్రం మారిన స్త్రీకి, ఆమె కులం రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ ఉన్నా, ఇదే వర్తిస్తుందని 2018లో రంజనా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది న్యాయమా అన్నది వేరే పోరాటం. ఇప్పటికి ఉన్న చట్టం ఇదే కాబట్టి, కాపురం గీతకి ఏ పక్క పెట్టాలి, ఆమె ఉద్యోగం ఎక్కడ వెతుక్కోవాలి అన్నది పెళ్లికి ముందే కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. ఏ కరారునామా దీన్ని మార్చలేదు. అలాగే పై కులపు అమ్మాయి దళితుడిని చేసుకుంటే ఆమెకి రిజర్వేషన్ రాదు (వల్సమ్మ పాల్ కేసు, 1996). పిల్లల కులం మాత్రం వాళ్లు ఎవరి మధ్య, ఎలా పెరిగారన్న వాస్తవాల మీద ఆధారపడుతుంది (రమేశ్‌భాయ్ నాయికా కేసు, 2012).

మరి లాయరు ఎక్కడ, ఖర్చు ఎంత? 1987 న్యాయసేవల అధికారిక సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, కులం ఏదైనా స్త్రీలకి, ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. జీతం వచ్చే ఉద్యోగి అయినా సరే. కేసు ఉంటేనే అనుకోకండి, చట్టంలో 'న్యాయ సేవ' నిర్వచనంలో ఏ న్యాయపరమైన విషయం మీదైనా సలహా ఇవ్వడం కూడా ఉంది. పెళ్లికి ముందు కాగితం చూపించుకోవడం అందులోకి వస్తుంది. కోర్టు ఆవరణలోని మండల న్యాయసేవల కమిటీలో గానీ, శ్రీకాకుళంలోని జిల్లా న్యాయసేవల సంస్థలో గానీ తెల్ల కాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు, కుల ధ్రువపత్రం నకలు జతచేయండి. ఫోనులో అయితే 15100.

డబ్బు పెట్టి లాయరుని పెట్టుకున్నా కొన్ని పట్టింపులు ఉండాలి. అబ్బాయికి, అమ్మాయికి వేర్వేరు లాయర్లు ఉండాలి. ఒకే లాయరు ఇద్దరి తరఫునా రాస్తే, రేపు కోర్టులో 'నాకు సొంత సలహా దొరకలేదు' అన్న ఒక్క మాటతో కాగితం బలం సగం పోతుంది. మధ్యవర్తి తెచ్చిన లాయరు మధ్యవర్తికే లాయరు. డాక్యుమెంట్ రైటరు లాయరు కాడు, బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగడం తప్పు కాదు. ఫీజు ముందే మాట్లాడుకోండి, ఆస్తిలో ఇంత శాతం అంటే లేచి వచ్చేయండి, అది వృత్తి నియమాలకే విరుద్ధం. వెళ్లేటప్పుడు వయసు రుజువులు, కుల ధ్రువపత్రాలు, పట్టా, మీభూమి నుంచి 1-బి, అడంగల్, ఉన్న అప్పుల కాగితాలు పట్టుకెళ్లాలి.

అప్పుల గురించి ఒక మాట. పెళ్లికి ముందు రాసుకోదగ్గ నిజాయితీ గల కాగితం అంటే ఎవరికి ఏముంది, ఎవరికి ఎంత అప్పుంది అన్న పట్టికే. చీటీ పాట బాకీ, మైక్రోఫైనాన్సు, అబ్బాయి హైదరాబాదో చెన్నైయో పనికి వెళ్లేందుకు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, అన్నీ రాయాలి. 'నీ అప్పు నాది కాదు' అని ఇద్దరూ రాసుకోవచ్చు. కానీ ఆ మాట వాళ్లిద్దరి మధ్యే. పొదుపు సంఘంలో ఆమె పేరు మీద తీసి అతను వాడుకున్న అప్పుకి బ్యాంకు ఆమెనే అడుగుతుంది. చదువు మాన్పించను, ఉద్యోగం మాన్పించను, కట్నం అడగను, ఇల్లు కొంటే ఇద్దరి పేర్ల మీద కొంటాం అని రాసుకోవచ్చు. చదువు, ఉద్యోగం షరతుల్ని కోర్టు బలవంతంగా అమలు చేయించదు. అయినా తర్వాత గృహహింస చట్టం కింద కేసు వస్తే, అతను ఏం ఒప్పుకున్నాడో చూపించే సాక్ష్యంగా ఆ కాగితం కోర్టు ముందుకి వెళ్తుంది.

సంతకం రోజు ఖాళీ స్టాంపు కాగితం మీద పెట్టొద్దు, చదివిన ప్రతి పేజీ కిందా పెట్టండి. సాక్షులు ఇద్దరిలో ఒకరు అమ్మాయి వైపు వాళ్లై ఉండాలి. చదువురాని వాళ్లు వేలిముద్ర వేస్తే, చదివి వినిపించినట్టు వినిపించినవాళ్ల పేరుతో సహా రాయించాలి. మూడు నకళ్లు తీసి, రెండు వాళ్లిద్దరి దగ్గర, మూడోది ఆ రెండు ఇళ్లల్లో దేనికీ చెందని నమ్మకస్తుల దగ్గర ఉంచండి.